పంక్చర్ వేయించాలా, టైరే మార్చేయాలా? శనివారం బెంగళూరు ప్రయాణం ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం బనగానపల్లెలో మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం చూసుకుని రాత్రి తొమ్మిదిన్నరకు పాణ్యం మీదుగా కర్నూలుకు బయలుదేరాం. కారులో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. ఓర్వకల్లు దగ్గరికి వచ్చేసరికి వెనక ఎడమ చక్రం వైపు నుంచి దబదబమని శబ్దం మొదలైంది, కారు వెనక భాగం అటూ ఇటూ ఊగుతున్నట్టు అనిపించింది. రోడ్డు పక్కన చిమ్మచీకటి, లారీలు దూసుకుపోతున్నాయి, పిల్లలు నిద్రపోతున్నారు. అక్కడ ఆపడానికి ధైర్యం చాలక మెల్లగా కొంచెం ముందుకు పోయి ఒక ధాబా దగ్గర లైట్ల వెలుతురులో ఆపాను. దిగి చూస్తే టైరు పూర్తిగా కూర్చుండిపోయింది. స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు, కారు కొన్నాక దాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ధాబా వాళ్ళే ఎవరికో ఫోన్ చేస్తే ఒకతను మోటార్ సైకిల్ మీద చిన్న కంప్రెషర్ కట్టుకుని వచ్చాడు. చక్రం విప్పకుండానే మేకు పీకి, సూదితో జిగురు స్ట్రిప్ లోపలికి దూర్చి, బయట మిగిలిన తోక కోసేసి గాలి కొట్టాడు. రెండు వందలు తీసుకున్నాడు. ఆ రాత్రి పూట అతను రావడమే మాకు పెద్ద మేలు.

సమస్య ఇప్పుడు మొదలైంది. సోమవారం పొద్దున 33 ఉన్న గాలి బుధవారం పొద్దునకు 27 చూపించింది, మిగతా మూడు టైర్లలో ఏ మార్పూ లేదు. టైర్ షోరూంకు పోతే అక్కడి అతను బయట నుంచి చూసి "వెనక రెండూ మార్చేయండి సార్, పన్నెండు వేలవుతుంది" అన్నాడు. సీ క్యాంపు దగ్గర పంక్చర్లు వేసే పెద్దాయన "నూటయాభైకి ఇంకో స్ట్రిప్ వేస్తా, రెండేళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు" అంటున్నాడు. నూటయాభై ఎక్కడ, పన్నెండు వేలెక్కడ! టైరు 185/65 ఆర్15, మూడేళ్ళయింది, 34 వేల కిలోమీటర్లు తిరిగింది. శనివారం తెల్లవారుజామున అమ్మను కంటి ఆపరేషన్ తర్వాతి చెకప్‌కి బెంగళూరు తీసుకెళ్ళాలి, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా దాదాపు 360 కిలోమీటర్లు హైవే. డబ్బుకు వెనకాడను, కానీ బాగున్న టైరును పారేయడానికీ మనసు ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?

టవర్‌క్లాక్ (అనంతపురం):

అన్నా, మేకు దిగింది ఎక్కడ? టైరు రోడ్డుకు ఆనే భాగంలో నడిమధ్యనా, అంచుకు దగ్గరగానా, పక్క గోడలోనా? దీనికి జవాబు రాకుండా వేయించు అన్నా, మార్చు అన్నా అది ఉత్త ఊహే. ఇంకొకటి, గాలి పోయాక ఎంత దూరం నడిపావు? "కొంచెం ముందుకు" అన్నావు, ఆ కొంచెం ఎంతో కరెక్టుగా గుర్తు తెచ్చుకో.

గాలి దిగుతున్నది కూడా ఆ స్ట్రిప్ దగ్గరే అని ఎట్లా అనుకున్నావు? ఒక మగ్గులో సబ్బు నీళ్ళు నురగొచ్చేట్టు కలిపి స్ట్రిప్ మీద, వాల్వ్ మీద, టైరు రిమ్ములో కూర్చునే అంచు చుట్టూ పోసి చూడు. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే. నాకు ఒకసారి మూడు వారాలు గాలి దిగుతుంటే పంక్చర్ అని రెండుసార్లు డబ్బులిచ్చాను, చివరికి చూస్తే 40 రూపాయల వాల్వ్ రబ్బరు ఎండి పగిలి ఉంది.

బనగానపల్లె మామిడి (నంద్యాల):

మా ఊరి నిశ్చితార్థానికొచ్చి పంక్చరైందంటే బాధగా ఉంది బ్రో. కానీ ఇంత టెన్షన్ అవసరం లేదు. నా కారులో ముందు కుడి టైరుకు స్ట్రిప్ వేసి ఏడాదిన్నర దాటింది, దాంతోనే తిరుపతి రెండుసార్లు, హైదరాబాద్ నాలుగైదుసార్లు పోయొచ్చాను, ఒక్క పాయింట్ దిగలేదు. నీకు దిగుతోందంటే రాత్రి పూట హడావుడిలో సరిగ్గా కూర్చోలేదంతే. పెద్దాయన చెప్పినట్టు ఇంకొకటి వేయించు, రెండు రోజులు చూడు, నిలబడితే పో. షోరూం వాళ్ళు టైరును చూడరు, మన జేబును చూస్తారు.

ఏడురోడ్లు (కడప):

నేను పద్నాలుగేళ్ళుగా టైర్ల పనిలోనే ఉన్నాను, రోజుకు పది పన్నెండు టైర్లు విప్పుతాను. తెలిసినంతవరకు చెప్తాను.

తుంగభద్ర అన్నా, నీకు సలహా ఇచ్చిన ఇద్దరూ ఒకే తప్పు చేశారు. ఇద్దరూ టైరును రిమ్ము నుంచి విప్పి లోపల చూడలేదు. బయట నుంచి చూసి మార్చేయమన్న మాటకూ ఆధారం లేదు, ఏమీ కాదన్న మాటకూ ఆధారం లేదు. టైరు జబ్బు లోపల కనిపిస్తుంది.

ముందు రిపేరుకు ఏది పనికొస్తుందో చెప్తాను. కారు రేడియల్ టైరులో రోడ్డుకు ఆనే భాగం కింద స్టీల్ తీగల పట్టీలు ఉంటాయి, ఆ భాగం పెద్దగా వంగదు, అందుకని అక్కడ వేసిన ప్యాచ్ కదలకుండా నిలుస్తుంది. పక్క గోడలో మామూలుగా దారాల పొర, రబ్బరు మాత్రమే ఉంటాయి. చక్రం తిరిగే ప్రతిసారీ అది వంగి లేస్తుంది, కిలోమీటరుకు అయిదు వందలసార్లు పైనే. అట్లా వంగే చోట ఏ ప్యాచ్ వేసినా ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, ఊడితే మెల్లగా దిగదు, ఒక్కసారిగా పోతుంది. అందుకే గోడలో గానీ, గోడా అడుగూ కలిసే భుజం దగ్గర గానీ చిల్లు పడితే రిపేరు చేయకూడదు. చేస్తామని ఎవరన్నా చేయించుకోవద్దు. చిల్లు 6 మిల్లీమీటర్లకు మించి ఉన్నా అంతే.

నడిమధ్యన మేకు దిగి, వెంటనే ఆపి ఉంటే ఆ టైరుకు ఇంకా ఎంతో ఆయుష్షు ఉన్నట్టే. కానీ స్ట్రిప్ ఒక్కటే సరిపోదు. టైరు విప్పించి లోపల నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించాలి. దాని ఆకారం పుట్టగొడుగులాగే ఉంటుంది, కాడ చిల్లులో బిగుసుకుంటుంది, గొడుగు లోపలి పొరకు అతుక్కుంటుంది. మేం ఏం చేస్తామంటే, చిల్లును ముందు మరతో శుభ్రం చేస్తాం, లోపల చుట్టూ నున్నగా గీకుతాం, ధూళి తుడిచేసి సొల్యూషన్ పూస్తాం. ఆ తర్వాత ఆగాలి. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ పెట్టేస్తే అది పట్టదు, వేలితో ముట్టుకుంటే అంటీ అంటనట్టు ఉండాలి. చాలా షాపుల్లో ఆ అయిదు నిమిషాలు ఆగే ఓపికే ఉండదు, ప్యాచ్ ఫెయిలయ్యేది అక్కడే. తర్వాత కాడను లోపల నుంచి బయటికి లాగి, చిన్న చక్రంతో గొడుగును గట్టిగా రుద్ది, బయట మిగిలింది కోసేస్తాం. మళ్ళీ ఎక్కించి, సబ్బు నీళ్ళతో చూసి, బ్యాలెన్సింగ్ చేస్తాం. మొత్తం అరగంట పని, మా దగ్గర 350.

స్ట్రిప్ బయట నుంచి చిల్లును మూస్తుంది, అంతవరకే. లోపలి పొర చిరిగిందా, టైరు నలిగిందా అనేది అది వేసినవాడికి తెలిసే వీలే లేదు. రోడ్డు మీద నుంచి ఇంటికి చేరడానికి అది మంచిదే. నీకు ఆ రాత్రి వేసినతను తప్పు చేయలేదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్ అన్నా. ఇప్పుడే కిందికి పోయి టార్చి వేసి చూసొచ్చాను. సబ్బు నీళ్ళు పోస్తే స్ట్రిప్ దగ్గర అయిదారు సెకన్లకొక సన్న బుడగ వస్తోంది. వాల్వ్ దగ్గర ఏమీ లేదు. చిల్లు అంచు నుంచి నాలుగు వేళ్ళు లోపలికి, రెండో గాడి పక్కన ఉంది. అంటే మధ్య భాగమే కదా?

నడిపిన దూరం గురించి నా భార్యను అడిగాను, తనకు బాగా గుర్తుంది. శబ్దం మొదలైన చోట నుంచి ధాబా దాకా రెండున్నర కిలోమీటర్లు. నిజానికి ఇక్కడ రాసేటప్పుడు "కొంచెం" అని రాశాను కానీ ఆ దూరం నాకు అప్పుడే ఎక్కువనిపించింది. ఇరవై స్పీడులోనే పోయాను.

ఏడురోడ్లు (కడప):

చిల్లు మంచి చోటే ఉంది. రెండున్నర కిలోమీటర్లు అన్నావు చూడు, నా అనుమానం అక్కడే. అయిదుగురి బరువు, సామాను, గాలి లేని టైరు. రిమ్ము అంచు గోడను నేలకు అదిమి రుబ్బుతుంది, లోపల గోడ రాసుకుని వేడెక్కి దారాలు తెగుతాయి. ఇరవైలో పోయినా బరువు బరువే. బయటికి మాత్రం కొత్తదానిలా కనిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రం దాకా ఆగొద్దు, రేపే విప్పించు. నువ్వు పక్కనే నిలబడి లోపల నీ కళ్ళతో చూడు. రెండు పక్క గోడల లోపల, రిమ్ముకు కొంచెం పైన, చుట్టూతా వలయంలా గీత పడిందేమో చూడాలి. విప్పిన టైరును నేలకు కొడితే నల్లటి రబ్బరు పొడి రాలుతుందేమో చూడాలి. ఈ రెండిట్లో ఏది ఉన్నా ఆ టైరు పని అయిపోయినట్టే. రెండూ లేకపోతే ప్యాచ్ వేయించుకుని ధైర్యంగా పో.

బనగానపల్లె మామిడి (నంద్యాల):

అన్నా, మీ అనుభవం ముందు నేను ఎక్కువ మాట్లాడను, కానీ ఒక సందేహం. స్ట్రిప్ తాత్కాలికమే అయితే నాకు ఏడాదిన్నర ఎట్లా నిలబడింది? మా ఫ్రెండ్సులో కనీసం అయిదారుగురు ఇట్లానే తిరుగుతున్నారు. అందరిదీ అదృష్టమేనా?

నల్లబండ (తాడిపత్రి):

మామిడి తమ్ముడూ, నీకు నేను చెప్తాను. నాకు రెండు లారీలున్నాయి, తాడిపత్రి నుంచి బండలు తోలుతాం. లారీ టైర్ల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు నా సొంత కారు మీద పెట్టలేదు, అదే నా పొరపాటు. నేనూ నీలాగే స్ట్రిప్ వేయించి మరిచిపోయాను. ఒక వానాకాలం గడిచింది. మైదుకూరు పోతుంటే ఎనభై దాటినప్పుడల్లా సీటు కింద గుడగుడమని అదురు. అలైన్‌మెంట్ అనుకుని దానికి డబ్బులు పెట్టాను, పోలేదు. చివరికి చక్రం విప్పి చేత్తో తడిమితే స్ట్రిప్ ఉన్నచోట కోడిగుడ్డు సగం కోసి బోర్లించినంత ఎత్తు. కోయించి చూశాను. చిల్లు లోంచి నీళ్ళు దిగి స్టీల్ పట్టీలు తుప్పు పట్టి, రబ్బరూ పట్టీ విడిపోయి, మధ్యలో ఎర్రటి పొడి ఉంది. దాని మీదే నా పిల్లల్ని కూర్చోబెట్టుకుని నెలల తరబడి తిరిగాను. ఆ రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నీ టైరు గాలి దిగట్లేదు, సంతోషం. గాలి నిలబడటం వేరు, లోపల పట్టీ బాగుండటం వేరు. ఒకసారి విప్పించు.

ఇంకో మాట. లారీ టైరుకు గోడకు దెబ్బ తగిలినా పెద్ద ప్యాచ్ వేసి వేడి మీద అతికిస్తారు, అరిగితే రబ్బరు ఎక్కిస్తారు. అది చూసి కారు టైరుకూ చేయించొచ్చు అనుకునేవాళ్ళున్నారు. ఆ టైరు నిర్మాణం వేరు, దాని స్పీడు వేరు. దానికీ దీనికీ పోలిక పెట్టుకోవద్దు.

మా రోడ్ల మీద పోయేవాళ్ళకు కూడా చెప్తున్నా, తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు మార్జిన్ మట్టిలోకి దించొద్దు. బండల ముక్కలు కత్తుల్లా ఉంటాయి, గోడను కోసేస్తాయి. మేకు దిగితే 350తో పోతుంది, గోడ తెగితే టైరే పోతుంది.

హంద్రీ (కర్నూలు):

నేను టీచర్ని, రోజూ కర్నూలు నుంచి డోన్‌కు ఒక్కదాన్నే కారులో పోయొస్తాను. తుంగభద్ర గారు రాసింది చదువుతుంటే గుండె దడదడలాడింది, ఎందుకంటే ఆ చీకట్లో నేనున్నా ఆపేదాన్ని కాదు. ఏడురోడ్లు గారూ, మీరు వెంటనే ఆపాలి అంటున్నారు, ఆడవాళ్ళం రాత్రి పూట ఎక్కడంటే అక్కడ ఎట్లా ఆపుతామండీ? నిజంగా ఎంత దూరం పోవచ్చు?

ఏడురోడ్లు (కడప):

అక్కా, మంచి ప్రశ్న అడిగావు. టైరు పూర్తిగా కూర్చుంటే దాని లెక్కలో వంద మీటర్లు కూడా ఎక్కువే. కానీ చోటు మంచిది కాదనిపిస్తే ఆపొద్దు. హజార్డ్ లైట్లు వేసుకుని, ఎడమ పక్కన, మనిషి నడిచేంత నిదానంగా వెలుతురున్న చోటికి పో. టైరు పోతుంది, పోనీ. దాని ఖరీదు ఆరు వేలు. తుంగభద్ర అన్న చేసింది తప్పని నేను అనట్లేదు, ఆ ఆరు వేలు పెట్టి ఇంట్లోవాళ్ళను వెలుతురులోకి తెచ్చుకున్నాడు. నేను చెప్పేది తర్వాత సంగతి. అట్లా నడిపిన టైరును పంక్చర్ వేసి మళ్ళీ వంద స్పీడులో తోలొద్దు.

నువ్వు రోజూ పోతావు కాబట్టి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే గాలి పంపు ఒకటి కొనుక్కో. దాన్ని నువ్వే వాడొచ్చు, ఎవరి సాయమూ అక్కర్లేదు. మేకు దిగితే చాలాసార్లు గాలి మెల్లగా దిగుతుంది, మేకే చిల్లును మూసి ఉంచుతుంది. అప్పుడు మేకు పీకకుండా గాలి కొట్టుకుని డోన్ దాకానో కర్నూలు దాకానో పోవచ్చు. మేకు కనిపించగానే పీకేయడం చాలామంది చేసే తప్పు. హైవే హెల్ప్‌లైన్ 1033 ఫోన్‌లో పెట్టుకో.

హంద్రీ (కర్నూలు):

మా ఆయన సీలెంట్ డబ్బా కొందాం అంటున్నారు, టైరులోకి ఎక్కిస్తే దానంతటదే మూసుకుంటుందట. అది పనికొస్తుందా అండీ?

ఏడురోడ్లు (కడప):

చిన్న మేకు చిల్లుకు, అదీ అడుగు భాగంలో అయితే షాపు దాకా చేరుస్తుంది. గోడ చిల్లుకు పనికిరాదు. వాడితే మాత్రం టైరు విప్పే అతనికి ముందే చెప్పు, ఆ ద్రవం అంతా కడిగి ఆరబెట్టకపోతే ప్యాచ్ అంటుకోదు. నీ అవసరానికి పంపే మేలు.

పెనుకొండ కోట (అనంతపురం):

ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, నా ఉద్యోగం అదే. మామూలు కారు పాలసీలో ఒక్క టైరే పాడైతే ఏమీ రాదు. యాక్సిడెంట్‌లో కారుతో పాటు టైరు కూడా దెబ్బతింటేనే, అదీ కొత్త టైరు ఖరీదులో సగం దాకే ఇస్తారు. టైర్ ప్రొటెక్షన్ అని విడిగా ప్రీమియం కట్టే యాడ్ ఆన్ ఉంటుంది, అందులోనూ మామూలు పంక్చర్ ఖర్చు రాకపోవచ్చు, పాలసీ కాగితం చదువుకోండి.

ఇంకో విషయం. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది, గాలి తగ్గితే చూపించే సెన్సర్లూ రిపేర్ కిట్టూ ఉన్న ట్యూబ్‌లెస్ టైర్ల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. కొత్త కారు కొనేవాళ్ళు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి. మన సీమలో రాత్రి పూట ఊరికీ ఊరికీ మధ్య దూరాలు తెలిసి కూడా స్టెప్నీ లేని కారు నేనైతే తీసుకోను. చాలా కార్లకు స్టెప్నీ ఒక సైజు చిన్నది ఇస్తున్నారు, దాని మీద 80 అని స్టిక్కర్ ఉంటుంది, అంతకు మించి పోకూడదు.

టవర్‌క్లాక్ (అనంతపురం):

తుంగభద్ర అన్నా, ఒకవేళ మార్చాల్సి వస్తే ఒకటే మార్చాలా రెండూ మార్చాలా అనేది ఇప్పుడే తేల్చుకో, లేకపోతే షాపులో ఏం చెప్తే అది వింటావు. గాడుల్లో అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, పక్కన టీడబ్ల్యూఐ అని అక్షరాలో చిన్న త్రికోణమో ఉంటుంది. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే 1.6 మిల్లీమీటర్లు మిగిలినట్టు, చట్టప్రకారం ఇంక ఆ టైరు నడపకూడదు. కొత్తదానికి ఏడో ఎనిమిదో ఉంటుంది. నీ కుడి వెనక టైరుకు అయిదారు ఉంటే ఒకటి మారిస్తే చాలు, అదే కంపెనీ అదే డిజైన్ తీసుకో. మూడు, నాలుగు దగ్గరుంటే రెండూ మార్చడమే మంచిది. ఒకే యాక్సిల్ మీద ఒకటి ఎత్తు, ఒకటి పల్లం ఉంటే వాన రోడ్డు మీద బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది.

బనగానపల్లె మామిడి (నంద్యాల):

రెండు కొత్తవి కొంటే ముందు వేయాలి కదా బ్రో? ఇంజన్ ముందుంది, స్టీరింగ్ ముందుంది.

ఏడురోడ్లు (కడప):

అందరూ అదే అడుగుతారు, నేనూ మొదట్లో అట్లానే వేసేవాణ్ణి. కొత్తవి వెనకే వేయాలి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే కారు తిన్నగా పోతుంది, కాలు తీసి స్టీరింగ్ పట్టుకుంటే మాట వింటుంది. వెనక జారితే కారు గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు చేతిలో ఉండదు. అందుకని బాగా పట్టున్నవి వెనక.

పాలకోవా (రాయచోటి):

గువ్వలచెరువు ఘాట్‌లో రోజూ తిరిగే మనిషిని, ఒక జాగ్రత్త చెప్పి పోతాను. కొత్త టైరు కొనేటప్పుడు తయారైన తేదీ చూడండి. గోడ మీద డీఓటీ అనే అక్షరాల వరుస చివర గుండ్రటి గీతలో నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం. నేను ఒక షాపులో ఆఫర్ ఉందని సంబరపడి తీసుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే మూడున్నరేళ్ళ కిందటి సరుకు. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. కొన్నిటికి ఆ అంకెలు ఒక పక్కే ఉంటాయి, అది లోపలి వైపుకు పోతే కనిపించదు, అందుకని రిమ్ముకు ఎక్కించకముందే చూడాలి. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో రోడ్డు పెనంలా కాలుతుంటుంది, ఆ ఎండకు పాత రబ్బరు నిలవదు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

విప్పించాను. మధ్యాహ్నం సెలవు పెట్టి బళ్ళారి చౌరస్తా దగ్గర వేరే షాపుకు పోయాను, ముందే చెప్పాను, నేను పక్కన నిలబడి చూస్తాను అని. ఆ కుర్రాడు ఏమీ అనుకోలేదు.

టైరు రిమ్ము నుంచి ఊడగానే దాన్ని నిలబెట్టి నేల మీద ఒకసారి దబ్బున వేశాడు. పిడికెడు నల్ల పొడి సిమెంటు గచ్చు మీద రాలింది, చెక్కిన పెన్సిల్ పొట్టులాగా కొన్ని, కాటుక లాగా మెత్తగా కొన్ని. ఏడురోడ్లు అన్న రాసింది అక్షరం పొల్లుపోకుండా అదే. కుర్రాడు మొబైల్ లైటు వేసి లోపల చూపించాడు. బయటి వైపు గోడ లోపల చుట్టూతా బొటనవేలు వెడల్పున ఒక వలయం, అక్కడ నున్నటి రబ్బరు పోయి గరుకుగా తేలింది. ఒకచోట నా వేలితో రుద్దితే సన్నటి దారాలు వేలికి తగిలాయి. బయట నుంచి అదే చోట ఒక్క గీత లేదు, కంపెనీ పేరు కూడా మెరుస్తోంది. మేకు చిల్లు దగ్గర మాత్రం లోపల శుభ్రంగా ఉంది. "మేకు ఒక్కటే అయితే 300కి అయిపోయేది అన్నా" అన్నాడు కుర్రాడు. దీని మీదే అమ్మను కూర్చోబెట్టుకుని వంద స్పీడులో గుత్తి దాటేవాణ్ణి, ఆ మాట తలుచుకుంటే చేతులు చల్లబడుతున్నాయి.

కుడి వెనక టైరు గాడి కొలిపిస్తే 3.5 వచ్చింది. ముందువి రెండూ నాలుగు. అందుకని రెండు కొత్తవి తీసుకున్నాను, తేదీ చూశాను, నాలుగు నెలల కిందటివి. ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ నంబరు 88, ఎంత స్పీడు తట్టుకుంటుందో చెప్పే స్పీడ్ అక్షరం హెచ్, పాతవాటికి ఉన్నదే. వెనకే వేయించాను, బ్యాలెన్సింగ్, కొత్త వాల్వులు, అలైన్‌మెంట్ అన్నీ కలిపి పదమూడు వేల రెండు వందలు. షోరూం అతను చెప్పిన లెక్కే చివరికి నిజమైంది, కానీ ఇప్పుడు ఎందుకు ఖర్చు పెట్టానో నాకు తెలుసు. స్టెప్నీ వాల్వ్ లీకవుతోంది, అదీ మార్పించి గాలి కొట్టించాను.

నల్లబండ (తాడిపత్రి):

మంచి పని చేశావు. పాత టైరు ఏం చేశావు? షాపులో వదిలేయలేదు కదా? అట్లాంటివి కడిగి నల్ల పాలిష్ కొట్టి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్ళున్నారు. ఎవరో పేదవాడు వెయ్యి రూపాయలకు దొరికిందని కొని ట్యాక్సీకి వేసుకుంటాడు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

అన్నా, ఆ ఆలోచనే రాలేదు, అక్కడే వదిలేసి వచ్చాను. ఇప్పుడే ఫోన్ చేశాను, ఇంకా అక్కడే ఉందట. పోతున్నాను.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

పోయొచ్చాను. రెండు వైపులా గోడను నాలుగేసి చోట్ల కోయించాను, కుర్రాడే హాక్సా బ్లేడుతో కోశాడు, తుక్కులో పడేశాడు.

హంద్రీ (కర్నూలు):

మీ అమ్మగారి చెకప్ బాగా జరగాలని కోరుకుంటున్నాను. నేను గాలి పంపు ఆర్డర్ పెట్టాను. పొద్దున్నే, కారు కదలకముందే చూస్తే గాలి సరైన లెక్క వస్తుందంట కదా, ఎండలో నడిపి వచ్చాక చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తోంది. ఆ ఎక్కువను తీసేయాలా?

ఏడురోడ్లు (కడప):

తీయొద్దక్కా. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, అది సహజం. వేడిగా ఉన్నప్పుడు తీసేస్తే పొద్దున చల్లబడ్డాక తక్కువైపోతుంది. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న లెక్క చల్లటి టైరుకు.

తుంగభద్ర గట్టు (కర్నూలు):

ఆదివారం రాత్రి రాస్తున్నాను. శనివారం నాలుగింటికి బయలుదేరి పదిన్నరకల్లా బెంగళూరు చేరాం, అమ్మ కన్ను బాగుందని డాక్టరు చెప్పారు. ఈ రోజు పొద్దున అక్కడ కారు కదిలించకముందు చూశాను, నాలుగింటిలోనూ 33. వస్తూ వస్తూ పెనుకొండ దగ్గర ఒక కుటుంబం రోడ్డు పక్కన చక్రం విప్పుకుంటుంటే ఆగి, నా జాకీ, పానా ఇచ్చాను. వాళ్ళ స్టెప్నీలోనూ గాలి తక్కువే ఉంది.

బనగానపల్లె మామిడి (నంద్యాల):

నేనూ విప్పించాను. ఏడాదిన్నర స్ట్రిప్ కదా, భయపడుతూనే పోయాను. లోపల పొడి లేదు, గీత లేదు, పట్టీ విడిపోలేదు, నల్లబండ అన్న చెప్పినట్టు చేత్తో అంతా తడిమి చూశాను, ఎత్తు ఎక్కడా తగల్లేదు. స్ట్రిప్ తోక ఎండి పెళుసైంది, లాగితే సగం చేతిలోకొచ్చింది. మేకు నడిమధ్యన దిగింది, ఆ రోజు నేను వెంటనే ఆపాను కూడా. మష్రూమ్ ప్యాచ్ వేశారు, సొల్యూషన్ ఆరేదాకా ఆగమని నేనే చెప్పాను. బ్యాలెన్సింగ్‌తో కలిపి 450 అయింది. స్టెప్నీలో 14 ఉంది, అందులోనూ కొట్టించాను.